అరేంజర్ కీబోర్డులో వాయిస్‌కి మీ సొంత ఎఫెక్టులు: డ్రై సౌండ్ నుంచి రిజిస్ట్రేషన్ దాకా

కీబోర్డులో ఉన్న ఫ్లూటో, స్ట్రింగ్సో విడిగా వాయిస్తే ఎంతో నిండుగా వినిపిస్తాయి. అదే వాయిస్ (కీబోర్డులోని వాద్యం సౌండ్) మీద స్టైల్ (కీబోర్డే వాయించే తాళం, బాస్, గిటారు తోడు) వేసి, పాడేవాళ్ల వెనక వాయించడం మొదలుపెట్టగానే ఆ నిండుదనమే అడ్డొస్తుంది. మాటలు సరిగా వినపడవు, తబలా దెబ్బ మెత్తబడిపోతుంది, స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. చాలామంది దీనికి వాయిస్ బాగోలేదనుకుని ఇంకో వాయిస్ వెతుకుతారు, లేదా డబ్బు పెట్టి కొత్త టోన్లు కొంటారు. నిజానికి చాలాసార్లు వాయిస్‌లో తప్పేమీ ఉండదు. ఫ్యాక్టరీలో ఆ వాయిస్‌కి అతికించి పంపిన రివర్బ్ (హాలు మోతలాంటిది), కోరస్ (సౌండ్‌ని వెడల్పు చేసేది), డీఎస్పీ (డిలే, డిస్టార్షన్ లాంటి మిగతా ఎఫెక్టులు) ఒంటరిగా వినడానికి తగ్గట్టు ఉంటాయి. మన పాటకి, మన హాలుకి తగ్గట్టు వాటిని మనమే మార్చుకోవాలి.

ఇక్కడ నేను యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700, ఎస్ఎక్స్900 మోడళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. 2019లో వచ్చిన ఈ రెండూ మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో, భజన కార్యక్రమాల్లో తరచుగా కనిపిస్తాయి. పాత ఎస్ సిరీస్ వాళ్లకీ, ఎస్ఎక్స్600 వాళ్లకీ మెనూ దారి కాస్త మారినా పని అదే. కోర్గ్, రోలాండ్, క్యాసియో వాడేవాళ్లకి పేర్లు వేరుగా ఉంటాయి గానీ చెవితో చేయాల్సిన పనిలో తేడా ఏమీ లేదు.

ముందు తెలియాల్సింది: ఎఫెక్టు రెండు రకాలుగా కలుస్తుంది

మెనూలోకి వెళ్లకముందే ఒక విషయం అర్థమైతే సగం తికమక పోతుంది. కీబోర్డులో రివర్బ్, కోరస్ అనేవి సిస్టమ్ ఎఫెక్టులు. అంటే మొత్తం కీబోర్డుకి ఒకే రివర్బ్ ఉంటుంది. కుడిచేతి పార్టులు రైట్1, రైట్2, రైట్3, ఎడమచేతి పార్టు లెఫ్ట్, స్టైల్‌లోని డ్రమ్స్, బాస్, గిటారు అన్నీ ఆ ఒక్క రివర్బ్‌లోకే తమ సౌండ్‌ని కొంచెం కొంచెం పంపుతాయి. ఎంత పంపాలన్నది ప్రతి పార్టుకీ విడిగా ఉంటుంది. దాన్నే డెప్త్ అంటారు. అది 0 నుంచి 127 దాకా ఉంటుంది.

ఇన్సర్షన్ ఎఫెక్టు అలా కాదు. అది ఒక్క పార్టు మీదే కూర్చుంటుంది. ఆ పార్టు సౌండ్ మొత్తం దాని గుండా వెళ్లి, మారి బయటికి వస్తుంది. డిస్టార్షన్, రోటరీ స్పీకర్, వా-వా, కంప్రెసర్, డిలే లాంటివి సాధారణంగా ఇలా వాడతాం. కీబోర్డు మీద డీఎస్పీ అని కనిపించేది ఎక్కువగా ఇదే.

దీనివల్ల వచ్చే పెద్ద చిక్కు ఒకటుంది. ఫ్లూటుకి ఇంకా పొడుగు రివర్బ్ కావాలని మీరు రివర్బ్ రకాన్ని మార్చినా, రివర్బ్ టైమ్ పెంచినా, స్టైల్‌లో ఉన్న తబలా, ఢోలక్, స్నేర్ అన్నిటికీ అది పెరిగిపోతుంది. ఫ్లూటు ఒక్కదానికే కావాలంటే రకాన్ని ముట్టుకోకుండా ఆ పార్టు డెప్త్ మాత్రమే పెంచాలి. లేదా ఆ పార్టు డీఎస్పీలో విడిగా డిలేనో రివర్బో పెట్టుకోవాలి.

మొదటి అడుగు: వాయిస్‌ని పూర్తిగా డ్రై చేసి వినడం

ఎఫెక్టులు పెట్టే పని తీసివేయడంతో మొదలవుతుంది. డ్రై అంటే ఏ ఎఫెక్టూ లేని సౌండ్. స్టైల్ ఆపేయండి. రైట్2, రైట్3, లెఫ్ట్ పార్టులు ఆఫ్ చేయండి. రైట్1లో మీ వాయిస్ పెట్టి, వాయిస్ సెలక్షన్ స్క్రీన్‌లో మెనూ గుర్తు నొక్కి వాయిస్ ఎడిట్‌లోకి వెళ్లండి. అక్కడ ఎఫెక్ట్ పేజీలో రివర్బ్ డెప్త్, కోరస్ డెప్త్ రెండూ సున్నాకి తేవాలి, డీఎస్పీ ఆఫ్ చేయాలి.

ఇప్పుడు మీరు నిజంగా వాయించబోయే బిట్‌నే వాయించండి. ఊరికే సరిగమలు వాయిస్తే ఏమీ తెలియదు. పాటలో వచ్చే స్థాయిలో, వచ్చే వేగంలో, మీ గమకాలతోనే వాయించాలి. ఎండిపోయినట్టు, బోసిగా ఉంటుంది. ఉండనివ్వండి. ఈ స్థితిలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, స్వరం మొదట్లో వచ్చే దెబ్బ లేదా ఊపిరి శబ్దం ఎంత ఉంది. రెండోది, కీ వదిలాక సౌండ్ ఎంతసేపు ఉంటోంది. మూడోది, పై స్థాయిలో చెవికి గుచ్చుకుంటోందా, కింది స్థాయిలో బరువుగా ఉందా.

డ్రైగా విన్నప్పుడే నచ్చని వాయిస్‌ని ఎఫెక్టులతో బాగుచేయాలని చూడకండి. ఆ వాయిస్ వదిలేసి ఇంకోటి తీసుకోవడమే మంచిది. కొన్ని వాయిస్‌ల శాంపిల్‌లోనే గది గాలి రికార్డయి ఉంటుంది. వాటిని ఎంత డ్రై చేసినా కొంత తోక మిగులుతుంది. అలాంటి వాటికి మామూలు కన్నా తక్కువ రివర్బ్ సరిపోతుందని గుర్తుపెట్టుకోండి.

ఈ పని హెడ్‌ఫోన్స్‌లో మొదలుపెట్టవచ్చు గానీ అక్కడే పూర్తి చేయకూడదు. హెడ్‌ఫోన్స్‌లో చిన్న రివర్బ్ కూడా స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి స్టేజి మీద సరిపోనంత తక్కువ పెట్టేస్తాం. కీబోర్డు స్పీకర్లలో వింటే దానికి తలకిందులు, గది ప్రతిధ్వని కూడా కలవడంతో మన రివర్బ్ ఎంతో సరిగా తెలియదు. రెండింటిలో విని మధ్యలో ఆగాలి.

రెండో అడుగు: ఈక్యూ

ఈక్యూ అంటే పై శబ్దాన్నీ కింది శబ్దాన్నీ విడివిడిగా పెంచడం, తగ్గించడం. ఇది చిన్న పనే అయినా రివర్బ్ కన్నా ముందు చేయాలి. ఎందుకంటే రివర్బ్‌లోకి వెళ్లేది ఈ సౌండే. ఇక్కడ గుచ్చుకునేది అక్కడ ఇంకా ఎక్కువసేపు గుచ్చుకుంటుంది.

కీబోర్డులోని మిక్సర్ స్క్రీన్‌లో ప్రతి పార్టుకీ హై, లో అని రెండే నాబులు ఉంటాయి. వాయిస్ ఎడిట్‌లో ఆ రెండు బ్యాండ్లూ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పనిచేయాలో కూడా పెట్టుకోవచ్చు. స్ట్రింగ్స్, ప్యాడ్ లాంటి వాటికి లో తగ్గించండి, మొహమాటం వద్దు. విడిగా వింటే పలచబడినట్టు అనిపిస్తుంది. స్టైల్‌లో బాస్ గిటారు మొదలయ్యాక ఆ ఖాళీ ఎంత అవసరమో తెలుస్తుంది. ఫ్లూటు, వయోలిన్‌కి లో ఎలాగూ తక్కువే కాబట్టి అక్కడ పెద్దగా చేసేదేమీ ఉండదు. హై మాత్రం తారస్థాయిలో వాయించి చూసి ఒకటి రెండు మెట్లు దించవచ్చు. పెంచడం కన్నా తగ్గించడం మీద ఆధారపడితే లెవెల్ అదుపులో ఉంటుంది.

మూడో అడుగు: డీఎస్పీ ఎంచుకోవడం

వాయిస్ ఎడిట్‌లోని ఎఫెక్ట్ పేజీలో డీఎస్పీ ఆన్ చేసి, రకం పేరు మీద నొక్కితే విభాగాల వారీగా జాబితా వస్తుంది. అందులో డిలే, కోరస్, ఫేజర్, డిస్టార్షన్, వా, రోటరీ, కంప్రెసర్ ఇలా వందల పేర్లు ఉంటాయి. వాటన్నిటినీ వరసగా వింటూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది, చెవి అలసిపోతుంది, ఏదీ తేలదు. ముందుగానే ఈ వాయిస్‌కి నేను ఏం చేయాలనుకుంటున్నాను అని ఒక్క వాక్యంలో అనుకోండి. స్వరం చివర సాగాలా? కదలాలా? గరుకుగా ఉండాలా? మీటు సమంగా వినిపించాలా? సాగడానికి డిలే, కదలడానికి కోరస్ లేదా ఫేజర్, గరుకుదనానికి డిస్టార్షన్, మీటు సమం కావడానికి కంప్రెసర్. దాన్నిబట్టి విభాగం ఎంచుకుని, అందులో రెండు మూడు రకాలే పోల్చండి.

పోల్చేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనిపిస్తుంది. ఎఫెక్టు వేశాక సౌండ్ పెరిగితే పార్టు వాల్యూమ్ తగ్గించి, ఆఫ్ చేసినప్పటి స్థాయికి తెచ్చాకే తీర్పు చెప్పండి.

రకం దొరికాక దాని లోపలి పారామీటర్లు తెరవండి. చాలా కనిపించినా ప్రతి రకంలోనూ పనికొచ్చేవి నాలుగైదే. డిలేలో అయితే టైమ్, ఫీడ్‌బ్యాక్, హై డ్యాంప్, డ్రై/వెట్. మిగతావి ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. డ్రై/వెట్ అనేది అసలు సౌండ్, ఎఫెక్టు సౌండ్ ఏ పాళ్లలో కలవాలో చెబుతుంది. డిలేకి ఎప్పుడూ డ్రై వైపే ఎక్కువ ఉండాలి. డిస్టార్షన్, రోటరీ లాంటి వాటికి పూర్తిగా వెట్ ఉండాలి. లేకపోతే అసలు సౌండ్ పక్కనే నిలబడి మొత్తం నకిలీగా వినిపిస్తుంది.

డిలే టైమ్ లెక్క

ఫ్లూటు, వయోలిన్, షెహనాయి లాంటి మెలోడీ వాయిస్‌లకి నేను రివర్బ్ కన్నా డిలేనే ఎక్కువ నమ్ముతాను. రివర్బ్ స్వరాలన్నిటినీ కలిపి చుట్టూ పొగలా పరుస్తుంది. డిలే అదే స్వరాన్ని తాళంలో మళ్లీ వినిపిస్తుంది కాబట్టి మధ్యలో ఖాళీ మిగులుతుంది, పాడేవాళ్ల మాట ఆ ఖాళీలోంచి వినిపిస్తుంది.

అయితే ఆ మళ్లీ వచ్చే స్వరం తాళానికి సరిగ్గా పడాలి. లెక్క చాలా తేలిక. 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 100 అయితే ఒక బీట్ 600 మిల్లీసెకన్లు. అరబీట్ 300, ముప్పావు బీట్ 450. టెంపో 120 అయితే వరసగా 500, 250, 375. టెంపో 80 అయితే 750, 375, దాదాపు 562.

ఈ మూడింటిలో ముప్పావు బీట్‌ని ముందు ప్రయత్నించండి. మీరు వాయించే స్వరాలు ఎక్కువగా బీట్ మీదో అరబీట్ మీదో పడతాయి. ముప్పావు మీద వచ్చే డిలే వాటి మధ్య సందుల్లో పడుతుంది కాబట్టి రెండూ గుద్దుకోవు. బీట్ మూడుగా విరిగే తిశ్ర నడకలో మాత్రం ఇది పొసగదు. అక్కడ బీట్‌లో మూడో వంతో, మూడింట రెండు వంతులో పెట్టాలి. టెంపో 120లో అది 167 లేదా 333 అవుతుంది.

లెక్కలు వద్దనుకుంటే టెంపో డిలే అనే రకాలున్నాయి. వాటికి మిల్లీసెకన్ల బదులు నోట్ విలువ ఇస్తే చాలు, స్టైల్ టెంపో మార్చినా దాంతోపాటే మారతాయి. కాస్త అటూ ఇటూ టెంపోలో పాడే గాయకులతో వాయించేవాళ్లకి ఇవే మేలు.

ఫీడ్‌బ్యాక్ అంటే ఎన్నిసార్లు మళ్లీ రావాలన్నది. యమహాలో ఇది మైనస్ 63 నుంచి ప్లస్ 63 దాకా ఉంటుంది. ప్లస్ 15, 20 దగ్గర మొదలుపెడితే రెండు మూడు సార్లు వినపడి చల్లారుతుంది. గమకాలు ఎక్కువున్న బిట్ అయితే ఇంకా తగ్గించండి. పిచ్ బెండ్‌తో మీరు స్వరాన్ని జార్చినప్పుడు ఆ జారు కూడా మళ్లీ మళ్లీ వస్తుంది. రెండో గమకం మీద మొదటి గమకం నీడ పడితే వినేవాళ్లకి అపస్వరంలా తోస్తుంది. హై డ్యాంప్ వాడితే ప్రతి మారూ పైభాగం కొంచెం తగ్గుతూ, స్వరం దూరమవుతున్నట్టు వినిపిస్తుంది.

నాలుగో అడుగు: కోరస్, అదీ కొంచెమే

కోరస్ చేసే పని ఇదీ. సౌండ్‌కి ఒక నకలు తీసి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతుంది. నకలు శ్రుతి అతి స్వల్పంగా పైకీ కిందికీ జరుగుతూ, అసలుతో కలిసి వెడల్పుగా వినిపిస్తుంది. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 ఆంప్లిఫయర్‌తో ఈ సౌండ్ బాగా ప్రసిద్ధమైంది. అందులో ఒక స్పీకర్‌లో అసలు సౌండ్, రెండో స్పీకర్‌లో ఊగే సౌండ్ వచ్చి గాలిలో కలిసేవి.

ఎలక్ట్రిక్ పియానో, క్లీన్ గిటారు, స్ట్రింగ్స్, ప్యాడ్‌లకి కోరస్ బాగా నప్పుతుంది. ఫ్లూటు, నాదస్వరం, వీణ, సోలో వయోలిన్ లాంటి ఒంటరి వాద్యాలకి మాత్రం వద్దనే చెబుతాను. శ్రుతి శుద్ధంగా నిలవాల్సిన చోట అటూ ఇటూ ఊగే నకలు పెడితే వాద్యం గుర్తింపే పోతుంది. సినిమా పాటల్లో వినే గుంపు వయోలిన్ల సౌండ్ కావాలంటే సోలో వయోలిన్‌కి కోరస్ పెట్టడం కన్నా రైట్2లో స్ట్రింగ్స్ కలపడం మంచిది.

కోరస్ పారామీటర్లలో ఎల్ఎఫ్ఓ ఫ్రీక్వెన్సీ అంటే ఊపు వేగం. అది సెకనుకి ఒకసారి కన్నా తక్కువ ఉంటే హాయిగా ఉంటుంది. పెంచేకొద్దీ వణుకు మొదలవుతుంది. ఇక్కడ డెప్త్ అంటే ఊపు ఎంత పెద్దదన్నది. అది వేగానికి తలకిందులుగా ఉండాలి. నెమ్మది ఊపుకి ఎక్కువ డెప్త్, వేగం ఊపుకి తక్కువ.

ఐదో అడుగు: రివర్బ్, రాగాన్ని బట్టి

హాల్, రూమ్, స్టేజ్, ప్లేట్ అని నాలుగు కుటుంబాలు కనిపిస్తాయి. హాల్ పెద్దది, నెమ్మదిగా ఆరుతుంది. రూమ్ చిన్నది. స్టేజ్ సోలో వాద్యాన్ని ముందుకు తెచ్చేలా ఉంటుంది. ప్లేట్ అన్నది గది కాదు. స్టూడియోల్లో పెద్ద స్టీలు రేకుని వేలాడదీసి, దాన్ని కంపింపజేసి తీసే రివర్బ్. జర్మనీ కంపెనీ ఈఎంటీ 1957లో తెచ్చిన 140 మోడల్‌తో అది ప్రసిద్ధమైంది. అందుకే ప్లేట్ పెట్టగానే సౌండ్ పాత రికార్డింగుల్లోలా దట్టంగా, మెరుపుగా ఉంటుంది.

ఇందులో చూడాల్సిన మొదటి పారామీటర్ రివర్బ్ టైమ్. రెండోది ఇనీషియల్ డిలే, అంటే అసలు స్వరానికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య సమయం. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే 30 మిల్లీసెకన్లు అంటే దాదాపు పది మీటర్ల దూరం. ఈ విలువని 20, 30 మిల్లీసెకన్లకి పెంచితే స్వరం మొదలు శుభ్రంగా వినపడి, ఆ తర్వాతే హాలు వినపడుతుంది. రివర్బ్ తగ్గించకుండానే మెలోడీకి స్పష్టత వస్తుంది. చాలామంది పట్టించుకోని పారామీటర్ ఇదే. మూడోది హెచ్‌పీఎఫ్, రివర్బ్‌లోకి వెళ్లే కింది శబ్దాన్ని కోసేసేది. దీన్ని కొంచెం పైకి తెస్తే లెఫ్ట్ హ్యాండ్, బాస్ వల్ల వచ్చే బురద చాలావరకు తగ్గుతుంది.

ఎంత రివర్బ్ అన్నదానికి అందరికీ ఒకటే అంకె చెప్పలేం. అయితే మన సంగీతంలో దానికి ఒక మంచి కొలత ఉంది. అదే రాగం. రివర్బ్ అంటే వెళ్లిపోయిన స్వరం ఇంకా గాలిలో ఉండటం. మోహనలో స, రి, గ, ప, ద అయిదు స్వరాలే. ఏ రెండు స్వరాల మధ్యా అరమెట్టు దూరం లేదు. వెనక స్వరం గాలిలో మిగిలి ముందు స్వరంతో కలిసినా చెవికి హాయిగానే ఉంటుంది. మోహన బిట్‌కి మీరు రెండున్నర సెకన్ల హాల్ పెట్టినా నడుస్తుంది. అదే మాయామాళవగౌళ తీసుకోండి. స పక్కనే శుద్ధ రిషభం, గ పక్కనే మ, ప పక్కనే శుద్ధ ధైవతం, ని పక్కనే పై స. నాలుగు చోట్ల అరమెట్టు. స తోక ఆరకముందే రి వస్తే రెండూ ఒరుసుకుని గాలిలో గరగరలాడతాయి. అక్కడ అదే హాల్ పెడితే రాగం కరుకుగా, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. టైమ్‌ని ఒకటిన్నర సెకను కిందికి దించండి, లేదా డెప్త్ సగం చేయండి.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. హాల్ రివర్బ్ ఎక్కువ పెట్టి, ఫ్లూటుతో ముందు స రి గ ప ద స మోహనలో వేగంగా వాయించండి. తర్వాత అదే స్థాయిలో, అదే వేగంలో మాయామాళవగౌళ ఆరోహణ వాయించండి. రెండో దానిలో రివర్బ్ ఎక్కడ ఎక్కువైందో చెవికి వెంటనే తెలుస్తుంది. ఆ గరగర పోయేదాకా డెప్త్ తగ్గించుకుంటూ రండి. ఆగిన చోటు మీ ఫ్లూటుకి భద్రమైన అంకె. శ్రుతి పెట్టెలా నిలిచే ప్యాడ్‌లకి ఈ చిక్కు ఉండదు, వాటికి కావాల్సినంత ఇవ్వొచ్చు.

కొన్ని వాయిస్‌ల సంగతి విడిగా

ఆర్గాన్‌కి రోటరీ స్పీకర్ లేకపోతే ప్రాణం ఉండదు. డాన్ లెస్లీ 1940ల మొదట్లో తయారుచేసిన తిరిగే స్పీకర్ పెట్టెకి ఇది అనుకరణ. అసలు పెట్టెలో పై శబ్దానికి ఒక కొమ్ము, కింది శబ్దానికి ఒక డ్రమ్ము వేర్వేరుగా తిరుగుతాయి. వేగం మార్చినప్పుడు రెండూ ఒకేసారి అందుకోవు. ఆ అందుకునే క్షణంలోనే అందం ఉంది. కాబట్టి నెమ్మది, వేగం మార్చే స్విచ్‌ని ఒక అసైనబుల్ (మనకి నచ్చిన పని ఇచ్చుకునే) బటన్‌కో పెడల్‌కో తప్పకుండా ఇచ్చుకోండి. పల్లవి అంతా నెమ్మదిగా ఉంచి, కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టుకుని ఆగే చోట వేగం మార్చాలి. చర్చిలో ఆరాధన పాటలు వాయించేవాళ్లకి ఈ ఒక్కటి బాగా అలవాటైతే ఎంతో తేడా కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ గిటారుకి డిస్టార్షన్ పెట్టినప్పుడు వాయించే తీరే మార్చాలి. మూడు స్వరాల కార్డ్ పట్టుకుంటే స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి లేని స్వరాలు పుట్టుకొచ్చి గోలగా మారుతుంది. స, ప రెండే పట్టుకోండి. డ్రైవ్ (గరుకుదనం ఎంతన్నది) కావాలనుకున్న దానికన్నా తక్కువే పెట్టండి. పైన చిరచిరమంటే ఆ డీఎస్పీలోనే ఉండే, పై శబ్దాన్ని కోసే ఎల్‌పీఎఫ్ కిందికి దించండి. సోలోకి డిలే కూడా కావాలంటే రెండు డీఎస్పీల కోసం వెతకనక్కర్లేదు. డిస్టార్షన్, డిలే కలిపి ఒకే రకంగా జాబితాలో ఉంటాయి.

ఎలక్ట్రిక్ పియానోలు రెండు రకాలు. రోడ్స్ తరహా మెత్తని సౌండ్‌కి ట్రెమొలో (శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఊగడం) లేదా ఫేజర్. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 తరహా గంటలాంటి సౌండ్‌కి కోరస్. మాండలిన్, వీణ, సితార్ లాంటి మీటే వాద్యాలకి ముందు కంప్రెసర్ పెట్టి చూడండి. మీటు మీటుకీ ఉన్న హెచ్చుతగ్గులు సర్దుకుని, చివరి నాదం కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ పైన చిన్న రూమ్ రివర్బ్ చాలు.

ఆరో అడుగు: స్టైల్‌తో, మోనోలో, హాలులో వినడం

ఇప్పటిదాకా విడిగా విన్నారు. ఇక స్టైల్ వేయండి, అన్ని పార్టులూ ఆన్ చేయండి. ఎఫెక్టులు చాలా తక్కువైనట్టు అనిపించవచ్చు. తొందరపడి పెంచకండి, ముందు స్టైల్ వాల్యూమ్ తగ్గించి చూడండి.

తర్వాత మోనో పరీక్ష, అంటే ఎడమ, కుడి సౌండ్లు ఒకటిగా కలిపి వినడం. మన ఫంక్షన్ హాళ్లలో, పందిళ్లలో కీబోర్డు నుంచి ఒక్క వైరే సౌండ్ మిక్సర్‌కి వెళ్లడం మామూలు. అప్పుడు వైరు తప్పకుండా ఎల్/ఎల్+ఆర్ అని రాసి ఉన్న సాకెట్‌కే పెట్టాలి. ఆర్ సాకెట్‌లో పెడితే కుడివైపు సౌండే వెళ్తుంది, ఎడమకి ఉన్నవన్నీ పోతాయి. మోనోలో, సౌండ్‌ని ఎడమకీ కుడికీ తిప్పే ఆటో ప్యాన్ దాదాపు మాయమవుతుంది. అటూ ఇటూ ఎగిరే డిలే మామూలు డిలేగా మారుతుంది. వెడల్పు కోసం పెట్టిన కొన్ని కోరస్ రకాలు సౌండ్‌ని పలచన చేస్తాయి. స్టీరియో పియానో బోలుగా వినిపిస్తుంది. ఇంట్లోనే ఆ ఒక్క సాకెట్‌లో వైరు పెట్టి ఒక స్పీకర్‌కి కలిపి వినండి. అక్కడ చెడిపోయిన వాయిస్‌లకి రకం మార్చుకోండి.

ఆ తర్వాత స్థలం. నాలుగు వైపులా గోడలు, టైల్స్ నేల ఉన్న ఖాళీ హాల్లో ఇప్పటికే రివర్బ్ ఉంది. మీది దాదాపు సున్నాకి తేవచ్చు. జనం నిండాక ఆ మోత చాలావరకు తగ్గుతుంది కాబట్టి సాయంత్రం చెకింగ్‌లో విన్నదానితో అంకెలు ఖరారు చేసుకోకండి. ఆరుబయట వినాయక పందిరి దగ్గర అసలు ప్రతిధ్వనే ఉండదు, అక్కడ కొంచెం ఎక్కువే కావాలి. ఇక సౌండ్ ఆపరేటర్ తన మిక్సర్‌లో కీబోర్డు ఛానెల్‌కి ఎకో ఇచ్చాడేమో ముందే అడగండి. రివర్బ్ మీద రివర్బ్ పడితే మీరు చేసుకున్న పనంతా వృథా. "అన్నా, కీబోర్డుకి ఎఫెక్ట్ తీసేయ్, లోపలే పెట్టుకున్నా" అని చెబితే వాళ్లూ సంతోషంగా తీసేస్తారు.

స్థలాన్ని బట్టి అప్పటికప్పుడు మార్చుకోవడానికి లైవ్ కంట్రోల్ నాబ్ ఒకదానికి రివర్బ్‌ని ఇచ్చి ఉంచండి. పాట మధ్యలో మెనూల్లోకి వెళ్లే టెన్షన్ ఉండదు.

ఏడో అడుగు: సేవ్ చేయడం, సరైన చోట

ఇక్కడే చాలామంది శ్రమ పోతుంది. కీబోర్డులో మూడు చోట్ల మూడు రకాల సమాచారం దాస్తాం.

వాయిస్ ఎడిట్‌లో సేవ్ నొక్కి యూజర్ మెమరీలోకి పంపితే ఆ వాయిస్, దాని రివర్బ్, కోరస్ డెప్త్‌లు, డీఎస్పీ రకం, ఈక్యూ దాగుతాయి. కానీ సిస్టమ్ రివర్బ్ హాలా, ప్లేటా అన్నది వాయిస్‌తో పోదు, అది మొత్తం కీబోర్డుకి సంబంధించింది కదా. పారామీటర్లు లోపలికి వెళ్లి మార్చిన ఎఫెక్టుని యూజర్ ఎఫెక్టుగా వేరే పేరుతో సేవ్ చేయాలి. చివరికి వాయిస్‌లు, స్టైల్, టెంపో, మిక్సర్, రివర్బ్ రకం అన్నీ కలిపి, ఒక్క బటన్‌తో తిరిగొచ్చేలా, రిజిస్ట్రేషన్ మెమరీలో పెట్టాలి. కోర్గ్ పీఏ సిరీస్‌లో దాదాపు ఇలాంటి పనే కీబోర్డ్ సెట్, సాంగ్‌బుక్ చేస్తాయి.

వరస కూడా ముఖ్యం. ముందు యూజర్ ఎఫెక్ట్, తర్వాత యూజర్ వాయిస్, ఆఖరున రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ ముందే పెట్టి ఆ తర్వాత వాయిస్ మార్చితే, ఆ బటన్ నొక్కినప్పుడు పాత సెట్టింగులే రావచ్చు. పేర్లు పనికొచ్చేలా పెట్టండి. ఫ్లూట్1, ఫ్లూట్2 అని కాకుండా ఫ్లూట్ హాల్, ఫ్లూట్ బయట అని పెడితే స్టేజి చీకట్లో కూడా తికమక ఉండదు.

అనుకున్నట్టు రాకపోతే

వాయిస్ మార్చగానే మీ ఎఫెక్టులు పోయి ఫ్యాక్టరీవి వస్తున్నాయా? ప్రతి వాయిస్‌కీ సొంత సెట్టింగులు అంటుకుని ఉంటాయి, అది ఎంచుకోగానే అవీ వస్తాయి. మెనూలో వాయిస్ సెట్టింగ్‌లోకి వెళ్లి వాయిస్ సెట్ ఫిల్టర్‌లో ఎఫెక్ట్ గుర్తు తీసేస్తే రావు. అయితే అలా తీసేశాక ఆర్గాన్‌కి పెట్టిన రోటరీ పియానోకి కూడా మిగిలిపోవచ్చు. నా సలహా ఫిల్టర్ ముట్టుకోకుండా, వాడే వాయిస్‌లన్నిటినీ యూజర్‌లో సేవ్ చేసుకోవడమే.

స్టైల్ మార్చగానే రివర్బ్ తీరు మారుతోందంటే, స్టైల్ తనతోపాటు రివర్బ్, కోరస్ రకాలు తెచ్చుకుంటోందని అర్థం. స్టైల్ పెట్టాకే రివర్బ్ రకం సరిచేసి, రెండూ కలిపి రిజిస్ట్రేషన్‌లో పెట్టండి.

డీఎస్పీ ఆన్ అని చూపిస్తున్నా తేడా తెలియకపోతే ముందు డీఎస్పీ డెప్త్ చూడండి, తర్వాత డ్రై/వెట్ చూడండి. అవీ సరిగానే ఉంటే మిక్సర్‌లోని ఎఫెక్ట్ పేజీలో ఆ పార్టుకి డీఎస్పీ నిజంగా కేటాయించి ఉందో లేదో చూడాలి. డీఎస్పీల సంఖ్య పరిమితం. చిన్న మోడళ్లలో ఒకటో రెండో ఉంటాయి, వాటిని రైట్1, రైట్2, లెఫ్ట్ పంచుకోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు డీఎస్పీ మెలోడీ వాయిస్‌కే ఇచ్చి, మిగతావాటిని రివర్బ్ డెప్త్‌తోనే సర్దుకోండి.

ఇంత పని చేశాక యూఎస్‌బీలోకి బ్యాకప్ తీయకుండా ఉండకండి. యూజర్ వాయిస్‌లు, రిజిస్ట్రేషన్ బ్యాంకులు ఫైళ్లుగా కాపీ అవుతాయి. యూజర్ ఎఫెక్టులు మాత్రం వాటితోపాటు రావు. యుటిలిటీలోని బ్యాకప్ విభాగంలో సెటప్ ఫైళ్ల కింద వాటిని విడిగా సేవ్ చేయాలి. కార్యక్రమానికి వెళ్లేముందు పెన్ డ్రైవ్ కీబోర్డుకి పెట్టి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసుకుని సంచిలో వేసుకోండి.